బొటనవేలి గోళ్ళు

వదిన ఎనిమిది వేళ్ళ గోళ్ళు మొదలంటా కత్తిరించుకునేది, రెండు బొటనవేళ్ళ గోళ్ళు మాత్రం పెంచేది. అందానికి కాదు. బొంత కుట్టు తిరగేసి, అందులో దాక్కున్న చీరపేనును ఒక గోటి మీదికి ఎక్కించి, రెండో గోటితో నొక్కాలి. టప్‌మని చప్పుడు రావాలి. రాలేదంటే పేను చావలేదు, గోరు మొద్దుబారిందని లెక్క. అప్పుడు గడప రాతికి గోరు రుద్దుకుని వచ్చి మళ్ళీ కూర్చునేది.

సరుకుల యార్డులో బస్తాలు మోసేవాళ్ళకు బొంతలు అద్దెకివ్వడం ఆమె బతుకుతెరువు. ఆమె భర్త ఆ యార్డులోనే మోసేవాడు. పేర్చిన బస్తాల వరస ఒకటి మీద కూలడంతో చనిపోయాడు. అతన్ని అందరూ అన్నా అని పిలిచేవాళ్ళు కాబట్టి ఈమె అందరికీ వదిన అయింది. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలుస్తారు. భర్త పోయాక ఇంట్లో మిగిలినవి అతని రెండు బొంతలు. యార్డుకు కొత్తగా వచ్చిన ఒకాయన చలికి వణుకుతుంటే ఒకటి కప్పుకోమని ఇచ్చింది. తెల్లారి అతను బొంతతో పాటు నాలుగు చిల్లర నాణేలు గడప మీద పెట్టి పోయాడు. వ్యాపారం అలా మొదలైంది.

యార్డు సంగతి తెలియనివాళ్ళకు ఇదేం వ్యాపారం అనిపిస్తుంది. పగలంతా బరువులు మోసే మనిషి తన బొంతను ఎక్కడ పెట్టుకుంటాడు? పడుకునే షెడ్డులో వదిలేస్తే సాయంత్రానికి కనపడదు. భుజాన వేసుకుంటే బస్తా నిలవదు. గది అద్దెకు తీసుకునే తాహతే ఉంటే షెడ్డులో ఎందుకు పడుకుంటాడు? అందుకని చీకటి పడే వేళకు వచ్చి బొంత తీసుకుపోతారు, పనిలోకి వెళ్ళే ముందు తెచ్చి పడేసిపోతారు. నిన్న ఒకరు కప్పుకున్నది ఇవాళ ఇంకొకరు కప్పుకుంటారు. పైన ఉన్నది ఎవరి చేతికి వస్తే వాళ్ళది.

బొంతలు తీసుకునే వేళ వదిన గుమ్మం ముందు సందడిగా ఉండేది. అందరికంటే ముందు నిచ్చెన వచ్చేవాడు. అతని ఎత్తు చూసి, కలిసి బస్తాలు మోసే ముఠావాళ్ళు పెట్టిన పేరది.

"వదినా, నాకు రెండివ్వు. ఒకటి మెడ నుంచి మోకాళ్ళ దాకా, ఇంకొకటి మోకాళ్ళ నుంచి కిందికి."

"రెండిస్తే రెండద్దెలు. లేదంటే మోకాళ్ళు మడుచుకో."

"మోసేప్పుడు నడుం మడవాలి, పడుకునేప్పుడు మోకాళ్ళు మడవాలి. ఇంక నేను తిన్నగా ఉండేదెప్పుడు?"

"పోయాక. అప్పుడు అద్దె కూడా అడగను."

"విన్నారా, వదిన ఉచితంగా ఇస్తానంటోంది. ఎవరన్నా ముందుకు రండి," అని వెనక్కి తిరిగి అరిచేవాడు నిచ్చెన.

యార్డు గేటు పక్కన ఇంకొకాయన కూడా బొంతలు అద్దెకిచ్చేవాడు. గేటాయన అంటారు అతన్ని. అద్దె కాస్త తక్కువ. కానీ అతని బొంత కప్పుకున్నవాడు తెల్లారేదాకా గోక్కుంటూనే ఉంటాడని యార్డంతా తెలుసు. వదిన బొంతలకు ఆ చెడ్డపేరు లేదు. ఆమెకున్న ఆస్తి, గర్వం రెండూ అదే.

ఆ మంచిపేరు ఊరికే రాలేదు. వీధికంతా ఒకటే కుళాయి. పొద్దున కాసేపు వస్తుంది. ఆ కాసేపట్లో తాగడానికీ వండుకోవడానికీ పట్టుకున్నవాళ్ళు అదృష్టవంతులు. ఇక బొంతలు ఉతకడానికి నీళ్ళెక్కడివి? ఒకవేళ దొరికినా, పాత బట్టలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత చలికాలంలో తడిస్తే నాలుగు రోజులకు గానీ ఆరదు. తడి బొంత అంటే ఆ పూట ఒక మనిషికి కప్పుకోవడానికి లేనట్టు, వదినకు అద్దె లేనట్టు. అందుకని ఉతుకుడు ఏడాదికి ఒక్కసారి, ఎండలు ముదిరాక. మిగతా కాలమంతా ఉతుకుడుకు బదులు పేలు కుక్కుడే. ప్రతి బొంతా, ప్రతి కుట్టూ, గోళ్ళతో.

ఆ పనిలో ఆమెకు తోడు చెల్లెలు. మొగుడు వదిలేస్తే అక్క దగ్గరికి వచ్చి చేరింది. వచ్చిన కొత్తలో నోట్లో నాలుక లేనట్టు ఉండేది. బొంతల పనిలో పడ్డాక మాటలు వచ్చాయి. చెల్లెలి చెయ్యి వదిన చెయ్యి కంటే చురుకు. గోడవారగా ఎండలో ఎదురెదురుగా కూర్చుని, ఒకే బొంతకు చెరో అంచు పట్టుకుని మధ్యలోకి వచ్చేవాళ్ళు. ఎప్పుడూ చెల్లెలే ముందొచ్చేది.

"నీ వైపు చప్పుడే లేదేంటక్కా? నిద్రపోతున్నావా?"

"నా వైపు పేలు మర్యాదస్థులు. అరవకుండా చస్తాయి."

"చావట్లేదు. నిన్ను చూసి జాలిపడి నా వైపు నడిచొస్తున్నాయి."

మధ్యాహ్నానికి నాలుగు బొటనవేళ్ళూ గోధుమరంగుకు తిరిగేవి. గోటి చివర చర్మం చీలి ఉండేది. ఇద్దరూ బట్టకు తుడుచుకుని, ఒక ముంతలో చేతులు ముంచి, రొట్టె తుంచుకుని తినేవాళ్ళు. చేతులు కడగడానికి ఒక్కొక్కరికి ఒక్కో ముంత వాడేంత దుబారా మనుషులు కారు.

ఆ ఏడు చలి ముందే దిగింది. దాని వెనకే జ్వరం దిగింది. మొదట పడ్డవాడు నిచ్చెన. ఉన్నట్టుండి వణుకు, తల పగిలిపోయే నొప్పి, పిక్కలు ఎవరో పిండుతున్నట్టు. బస్తా ఎత్తబోయి దాని పక్కనే కూలబడ్డాడు. షెడ్డులో ఒక మూల పడుకోబెట్టారు. వదిన వెళ్ళి చూసింది. వెళ్ళగానే అడిగిన మాట, "పేలు దిగాయా?"

ఆ మాట యార్డులో ఎవరినడిగినా చెప్తారు. ఒళ్ళు పెనంలా కాలితే పేలు ఆ ఒంటి మీద నిలవవు. బట్టల కుట్లలోంచి బయటికొచ్చి, మెడ మీదుగా, చేతుల మీదుగా నడిచి పోతాయి. అది కళ్ళతో చూసిన సంగతే, అబద్ధం కాదు. తేడా అంతా దానికి చెప్పుకున్న అర్థంలో ఉంది. పేలు దిగాయంటే జ్వరం కూడా దిగుతుందని వాళ్ళ నమ్మకం. బరువులు మోసేవాళ్ళు కదా, జ్వరమైనా ఎవరో ఒకరు వీపున వేసుకుని పోతేనే పోతుందనుకునేవాళ్ళు. ఆ పేలు నడిచి ఎక్కడికి పోయాయి అని మాత్రం ఎవరూ అడగలేదు. పక్కవాడి బొంతలోకి పోయాయి.

నిచ్చెన ఒంటి మీంచి పేలు దిగాయి. మర్నాడు బొంత తడిసిపోయేలా చెమట పట్టి జ్వరం కూడా దిగింది. లేచి, టీ తాగి, పనిలోకి పోయాడు. వదిన అతని బొంత తీసుకుని, గోడకేసి నాలుగుసార్లు దులిపి, కుట్లు చూడమని చెల్లెలికిచ్చింది. ఆ రోజు టప్‌టప్‌మనే చప్పుడు ఆగకుండా వచ్చింది. చెల్లెలు మెడ నొప్పి పుట్టేదాకా కుక్కింది.

వారం తిరక్కుండానే నిచ్చెన మళ్ళీ పడ్డాడు. ఈసారి ముఠావాళ్ళు తోపుడు బండి మీద వేసుకుని జ్వరాల ఆసుపత్రికి తీసుకుపోయారు. అతని వెనకాల ఇంకో ఇద్దరు, ముగ్గురు. నిచ్చెన సగమై తిరిగొచ్చాడు కానీ నడిచొచ్చాడు. "లోపలికి పోగానే ఒక మాత్ర మింగించారు వదినా. అంతే. అంత చిన్నది. దాన్ని మింగడానికి అంత దూరం బండి మీద ఊరేగాల్సొచ్చింది," అన్నాడు. వదిన నవ్వింది గానీ మాట చెవిన పెట్టలేదు. అప్పటికే ఇంట్లో చెల్లెలు మంచం పట్టి ఉంది.

మంచమంటే మాటవరసకు. గది వెనక గోడకూ బొంతల దొంతరలకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. చెల్లెలు అందులో పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది.

"ఆసుపత్రికి పోదామా?" అనడిగింది వదిన.

"నిచ్చెనకు పేలు దిగగానే తగ్గలేదా? తగ్గగానే బస్తాలెత్తాడు కాబట్టి తిరగబెట్టింది. నాకూ తగ్గుతుంది. నన్ను తీసుకుపోతే ఎక్కడి నుంచి వచ్చావంటారు. బొంతల దగ్గర నుంచి అని చెప్పాలి. ఇంక మనకు బొంతలుంటాయా?" అంది చెల్లెలు. జ్వరంలో కూడా ఆమెకు లెక్క తప్పలేదు.

ఆ మరునాడే వచ్చారు. ముందు ఆసుపత్రి నర్సు, వెనక పురపాలక ఆఫీసు పారిశుధ్య మేస్త్రీ, అతని వెనక ఖాళీ బండి.

నర్సు నడివయసు మనిషి. పొద్దుటి నుంచి యార్డులో మగవాళ్ళ కాలర్లు పెన్సిలుతో ఎత్తి పేల కోసం చూసి చూసి విసిగిపోయి ఉంది. గుమ్మంలో నిలబడి వదిన చేతులు చూసింది.

"ఆ గోళ్ళేంటమ్మా?"

వదిన దాచలేదు. చెప్పింది. యార్డులో తన బొంతలకున్నంత మంచిపేరు ఇంకెవరి బొంతలకూ లేదని కూడా చెప్పింది.

నర్సు వంగి గోళ్ళ చివరి చీలికలు చూసింది. తర్వాత నెమ్మదిగా, "పేలు కుక్కొద్దమ్మా," అంది. "ఈ జ్వరం పేను కుడితే రాదు. పేను చితికితే వస్తుంది. దాని లోపలున్న రోగమంతా నీ వేలి మీద పడుతుంది. ఆ చీలికలున్నాయే, వాటిలోంచి లోపలికి పోతుంది. అదే చేత్తో కన్ను నలుపుకున్నా పోతుంది. బొంతలు మరిగే నీళ్ళలో వేసెయ్యి, చాలు."

"నీళ్ళెక్కడివి నర్సమ్మా?"

నర్సు ఆ ప్రశ్నకు కుళాయి వైపు చూసింది. దాని పైన గోడ మీద ఆ పొద్దునే అతికించిన కాగితం ఉంది. రోజూ స్నానం చేయండి, బట్టలు వేడినీళ్ళలో ఉతకండి అని పెద్ద అక్షరాలు. కింద కుళాయి ఎండి ఉంది. నర్సు సంచిలోంచి మాత్రల అట్ట తీసి పట్టుకుంది. "ఇంట్లో ఎవరికైనా జ్వరముంటే చెప్పు. ఒక్క మాత్ర. నా ఎదురుగానే మింగాలి."

ఈలోగా మేస్త్రీ గదిలోకి తొంగిచూశాడు. "బొంతలు బాగానే ఉన్నాయే."

"వీటిని ఏం చేస్తారు బాబూ?"

"జ్వరం ఉన్న ఇల్లయితే ఇప్పుడే బండెక్కించి కాల్చేస్తాం. లేని ఇల్లయితే తర్వాత చూస్తాం."

"మరిగే నీళ్ళలో వేస్తే చాలని నర్సమ్మ అంది కదా, కాల్చడమేంటి?"

"ఆర్డరులో ఉడకబెట్టమనే ఉంది. బాయిలరు పాడైంది. అగ్గిపెట్టె బాగానే ఉంది."

"మళ్ళీ ఇస్తారా మరి?"

"ఏమిటి, బూడిదా?" అన్నాడు మేస్త్రీ. చెడ్డవాడేం కాదు. పొద్దుటి నుంచి అదే ప్రశ్న విని విని ఆ జవాబు తయారుచేసి పెట్టుకున్నాడు. "ఇంతకీ మీ ఇంట్లో జ్వరముందా, లేదా?"

బొంతల దొంతర వెనక చెల్లెలు ఉంది. మూలగలేదు. కదల్లేదు. నోట్లో బట్ట కుక్కుకుందని తర్వాత తెలిసింది. నర్సు చేతిలో మాత్రల అట్ట ఉంది. వదినకు రెండూ కనిపిస్తున్నాయి, అట్టా, బండీ. మాత్ర కావాలంటే బండి నిండుతుంది. బండి ఖాళీగా పోవాలంటే మాత్ర కూడా పోతుంది.

చెల్లెలి ఒంటి మీంచి రేపో మాపో పేలు దిగుతాయి. అప్పుడు జ్వరం ఎలాగూ పోతుంది. బొంతలు పోతే మళ్ళీ రావు.

"లేదు," అంది వదిన. "మా ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు."

ఆ సాయంత్రమే పేలు దిగాయి. చెల్లెలి భుజం పక్కన బొంత మడత మీద బూడిదరంగు చుక్కలు కదులుతూ పోతుంటే వదిన కళ్ళారా చూసింది. ప్రాణం లేచొచ్చింది. ఇంకొక్క రోజు ఒళ్ళు కాలింది. ఆ తర్వాత చెల్లెలికి ధారలుగా చెమటలు పట్టాయి, ఒళ్ళు చల్లబడింది. లేచి కూర్చుని ఆకలన్నది.

"ఆ నర్సు మాట వినుంటే ఈపాటికి బూడిద ఏరుకుంటూ ఉండేవాళ్ళం," అంది రొట్టె నములుతూ.

"గోళ్ళతో కుక్కొద్దంట."

"మరి పళ్ళతో కుక్కాలంటనా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. వదిన నవ్వుతూనే చెల్లెలి చేతిలోంచి బొంత లాగేసుకుంది. నాలుగు రోజులు చెల్లెల్ని కుట్ల జోలికి పోనివ్వలేదు, తనే కుక్కింది. ఐదో రోజు చెల్లెలు ఊరికే కూర్చోలేక మళ్ళీ ఎదురుగా వచ్చి కూర్చుంది. ఒక బొంత సగం కూడా కాకముందే పళ్ళు టకటక కొట్టుకోవడం మొదలైంది.

ఈసారి జ్వరం మొదటిదానిలా లేదు. కళ్ళు పసుపుపచ్చగా తిరిగాయి. ముక్కులోంచి రక్తం ఆగకుండా కారింది. అక్కను చూసి, బస్తాలు జాగ్రత్త, వరస కూలుతోంది అని అరిచింది. వదిన పరుగున యార్డుకు పోయింది. తోపుడు బండి తెచ్చింది నిచ్చెనే. తనను మోసుకుపోయిన బండే అది. మాటకారి మనిషి నోరు మూసుకుంటే దారి ఎంత పొడుగవుతుందో వదినకు ఆ రోజు తెలిసింది.

ఆసుపత్రి వరండాలో ఎదురైంది ఆ నర్సే. చెల్లెలి కనురెప్ప ఎత్తి చూసింది.

"జ్వరం ఇదే మొదలా, ఇంతకుముందు ఒకసారి వచ్చి పోయిందా?"

"వచ్చి పోయింది."

"ఎప్పుడు?"

వదిన తల దించుకుంది. నర్సు ఆమె ముఖం చూసింది, చేతులు చూసింది. బొంతల గది గుర్తొచ్చింది. మాత్ర తీసి చెల్లెలి నోట్లో పెట్టబోయింది. మింగే శక్తి లేదు, పెదవి పక్కనుంచి జారిపోయింది. సూది ఇచ్చారు. గ్లూకోజు పెట్టారు. గుండె అలసిపోయిందన్నారు. మర్నాడు మధ్యాహ్నం డాక్టరు వచ్చి చెల్లెలి ముఖం మీద దుప్పటి కప్పి, మంచం చుట్టూ తెర లాగాడు.

నర్సు తిట్టి ఉంటే బాగుండేదని వదిన తర్వాత నిచ్చెనతో అంది. చేర్చుకున్న రోజు కూడా ఆమె తిట్టలేదు. జారిపోయిన మాత్రను తలగడ మీంచి తీసి, తుడిచి, పారేసి, అట్టలోంచి ఇంకొకటి తీసి వదిన అరచేతిలో పెట్టింది. "నువ్వు మింగు," అంది. వదిన మింగింది. గొంతులో తెలియనైనా తెలియలేదు. అంత చిన్నది.

ఇప్పుడు అది జ్వరం ఉన్న ఇల్లని ఆఫీసు కాగితంలోనే ఉంది. మేస్త్రీ బండితో వచ్చేసరికి వదిన బొంతలన్నీ వీధిలో పడేసి కూర్చుని ఉంది. భర్త వాడిన రెండు బొంతలు కూడా వాటిలోనే ఉన్నాయి. వెనక గోడవార చెల్లెలికి పరిచిన బొంతను మాత్రం తనే ఎత్తి బండి మీద వేసింది. యార్డు వెనక ఖాళీ స్థలంలో కుప్ప పోసి అంటించారు. పాత బట్టలు కదా, మెల్లగా, చాలాసేపు కాలాయి. పని ముగించుకుని పోతున్న కూలీలు చుట్టూ చేరి చేతులు చాపి నిలబడ్డారు. ఆ చలికాలంలో వాళ్ళకు ఒళ్ళు వెచ్చబడింది ఆ ఒక్క పూటే.

పొద్దు గూకేసరికి అలవాటు కొద్దీ వదిన గుమ్మం ముందుకు నలుగురైదుగురు వచ్చారు. వచ్చాక గుర్తొచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, గేటు వైపు నడిచారు. గేటాయన బొంతలు ఒక్కటీ కాలలేదు. అతని ఇంట్లో ఇద్దరికి జ్వరమొచ్చి తగ్గిందని వీధిలో అందరికీ తెలుసు. మేస్త్రీకి తెలియకుండా ఉండే ఏర్పాటు అతను చేసుకున్నాడు. ఆ ఏర్పాటు చేసుకునే స్తోమత వదినకు లేదు. అలాంటిదొకటి ఉందని ఆమెకు తోచను కూడా లేదు.

రెండు రోజుల తర్వాత నిచ్చెన వచ్చి గడప మీద కూర్చున్నాడు. చొక్కాలో చెయ్యి పెట్టి గోక్కుంటున్నాడు.

"గేటాయన బొంతలు నిలబడనివ్వట్లేదు, పడుకోనివ్వట్లేదు వదినా. కప్పుకోకపోతే చలి, కప్పుకుంటే ఇది."

"కప్పుకోకు."

"షెడ్డుకు గోడలు మూడే కదా. నాలుగోది నువ్వు కట్టిస్తావా?"

వదిన లోపలికి పోయి, కత్తెర తెచ్చుకుని, అతని పక్కనే కూర్చుని రెండు బొటనవేళ్ళ గోళ్ళూ కత్తిరించుకుంది. ముక్కలు ఏరి పొయ్యిలో వేసింది. తర్వాత లేచి గేటు దగ్గరికి నడిచింది.

గేటాయన ఆమెను చూసి ముందు కంగారుపడ్డాడు. ఏదో అడగడానికో, వేలెత్తి చూపడానికో వచ్చిందనుకున్నాడు.

"మీ బొంతలకు కుట్లు చూసి పెడతాను. కూలి ఎంతిస్తారు?" అంది వదిన.

అతని ముఖం విప్పారింది. "అదే కదమ్మా, నీ చెయ్యి పడితే వాటికీ పేరొస్తుంది. రేపే రా."

"మరిగే నీళ్ళు పెట్టిస్తారా?"

"నీళ్ళెక్కడివి?"

"అయితే కిరసనాయిలు."

అడుగున ఒక వేలెడు కిరసనాయిలు పోసిన పాలడబ్బా ఇచ్చాడు గేటాయన. వదిన నర్సు దగ్గరికి పోయి పట్టకారులాంటి ఒక చిన్న చిమటా అడిగి తెచ్చుకుంది. మర్నాడు పొద్దున గేటు గోడవార ఎండలో కూర్చుని మొదటి బొంత కుట్టు తిరగేసింది. ఎదురుగా రెండో అంచు పట్టుకునేవాళ్ళు లేరు కాబట్టి దాన్ని ఒక రాయి కింద పెట్టింది. చిమటాతో పట్టడం, డబ్బాలో వేయడం. కిరసనాయిల్లో పడితే చప్పుడు రాదు.

సాయంత్రం కూలీలు వచ్చే వేళకు సగం బొంతలే అయ్యాయి. మిగతా సగం ఉన్నవి ఉన్నట్టే అద్దెకు పోయాయి. పడ్డ పేలతో డబ్బా అడుగు కనిపించడం లేదు.